కమ్–గో గోల: వచ్చామా, వెళ్ళామా?

ఇంగ్లిషులో ఈ రెండు వాక్యాలు చూడండి. "హి వెంట్ హోమ్ ఎట్ మిడ్‌నైట్." "హి కేమ్ హోమ్ ఎట్ మిడ్‌నైట్." మనిషి ఒకడే, ఇల్లు ఒకటే, గడియారంలో ముల్లు ఉన్న చోటూ ఒకటే. మరి సరిగ్గా పన్నెండు కొట్టేసరికి ఆ మనిషి ఎక్కడున్నాడు?

మొదటి వాక్యంలో అతనింకా ఇల్లు చేరలేదు. పన్నెండింటికి ఎక్కడినుంచో లేచి బయల్దేరాడు, ఎప్పటికి చేరాడో మనకి తెలీదు. రెండో వాక్యంలో పన్నెండింటికి గుమ్మంలో నిలబడి తలుపు తడుతున్నాడు. ఎప్పుడు బయల్దేరాడో తెలీదు. వెంట్ బయల్దేరిన వేళ చెబుతుంది, కేమ్ చేరిన వేళ చెబుతుంది. తెలుగులోనూ అంతే కదా: "తొమ్మిదింటికి వెళ్ళాడు" అంటే ఇక్కణ్ణుంచి కదిలిన వేళ, "తొమ్మిదింటికి వచ్చాడు" అంటే ఇక్కడ అడుగుపెట్టిన వేళ.

కమ్ అంటే రావడం, గో అంటే వెళ్ళడం అని ఒకటో తరగతిలోనే నేర్చేసుకుని పక్కన పెట్టేశాం. ఆ తర్వాత ఎవరూ వాటి జోలికి పోరు. కానీ 1971లో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో చార్ల్స్ ఫిల్‌మోర్ అనే భాషాశాస్త్రవేత్త వరుసగా ఉపన్యాసాలిస్తూ, వాటిలో ఒకటి పూర్తిగా ఈ రెండు క్రియలకే ఇచ్చేశాడు. పైన చెప్పిన గడియారం సంగతి ఆయన గమనించినదే. నేను, నువ్వు, ఇక్కడ, అక్కడ, ఇప్పుడు లాంటి మాటలకి సొంతంగా అర్థం సగమే ఉంటుంది, మిగతా సగం ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పలికారన్న దాన్నుంచి వస్తుంది. కమ్, గో కూడా ఆ కుటుంబానికి చెందినవే. "ఇక్కడ" అనే మాట క్రియ వేషం వేసుకుంటే కమ్ అవుతుందన్నమాట.

అయితే ఎవరి "ఇక్కడ"? అసలు పేచీ అంతా ఇక్కడే. మాట్లాడేవాడు ఉన్న చోటికి జరిగే కదలిక కమ్ అని అందరికీ తెలుసు. వినేవాడు ఉన్న చోటు కూడా అంతే. ఫోన్లో "నేను మీ ఇంటికి వస్తున్నా" అన్నప్పుడు నేను నా ఇంటినుంచి దూరంగా పోతున్నాను, అయినా "వెళ్తున్నా" అనను. ఇంగ్లిషువాడూ అనడు, "ఐయామ్ కమింగ్" అంటాడు. ఒక్క క్షణానికి నా చోటు వదిలేసి ఎదుటివాడి చోట నిలబడి, అక్కణ్ణుంచి నన్ను నేనే చూసుకుంటున్నాను. మర్యాద వ్యాకరణంలోకి దూరితే ఇలాగే ఉంటుందేమో.

ఇది అన్ని భాషల్లోనూ జరిగే పని కాదు. లోపలి గదినుంచి ఎవరైనా పిలిస్తే మనం "వస్తున్నా" అంటాం. అదే స్పానిష్ మనిషి "బోయ్" అంటాడు, అంటే "వెళ్తున్నా" అని. జపనీస్‌లోనూ ఎదుటివాడి దగ్గరికి బయల్దేరితే వాడేది వెళ్ళడానికి వాడే "ఇకు" క్రియే. వాళ్ళు తమ చోటునుంచి కదలరు. స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఇంగ్లిషులో ఈ కమ్ ఏళ్ళతరబడి తడబాటు పెడుతుంది. మనకి ఆ బాధ లేదు, ఎందుకంటే ఈ విషయంలో తెలుగూ ఇంగ్లిషూ ఒకేచోట నిలబడి లోకాన్ని చూస్తాయి.

ఇంకా ఉంది. ఇప్పుడు ఉన్న చోటే కానక్కర్లేదు, ఆ పని జరిగే వేళకి ఉండబోయే చోటైనా చాలు. నేనూ మీరూ చెరో ఊళ్ళో ఉన్నాం. రేపటి సమావేశం మూడో ఊళ్ళో. "ఆర్ యూ కమింగ్ టు ద మీటింగ్?" అని నేనడిగితే, నేనక్కడ ఉంటానని చెప్పకనే చెప్పినట్టు. "ఆర్ యూ గోయింగ్ టు ద మీటింగ్?" అంటే మీ సంగతి మాత్రమే అడిగాను. నేను వెళ్తానో లేదో మీరు ఊహించుకోవాలి, చాలామంది వెళ్ళననే ఊహిస్తారు. పెళ్ళికి పిలిచే మనిషి "వస్తారా" అంటాడు, దారిలో కలిసిన మనిషి "వెళ్తున్నారా" అంటాడు. అలాగే "ఐ విల్ గో టు యువర్ ఆఫీస్ టుమారో" అని ఎవరికైనా రాస్తే, రేపు మీరు ఆఫీసులో ఉండరని నాకు తెలుసు, అయినా వెళ్తాను అన్న ధ్వని వస్తుంది. మీరక్కడ ఉండి కలుసుకుంటారనుకుంటే అక్కడ కమ్ పడాల్సిందే.

ఇల్లు సంగతి వేరు. నేను ఊళ్ళో లేకపోయినా "అతను మా ఇంటికొచ్చాడు" అనే అంటాను. మనిషి లేని ఇంటికి కూడా "ఇక్కడ" అంటుకునే ఉంటుంది.

కథ చెప్పేటప్పుడు ఇవేవీ ఉండవు. చెప్పేవాడు ఆ గదిలో ఎప్పుడూ లేడు, వినేవాడూ లేడు. అయినా "తలుపు తెరుచుకుంది, ఇద్దరు లోపలికి వచ్చారు" అనగానే మనం గది లోపల ఉంటాం. "ఇద్దరు లోపలికి వెళ్ళారు" అంటే వరండాలో ఉండిపోతాం. కెమెరా ఎక్కడ పెట్టాలో దర్శకుడు అరగంట ఆలోచిస్తాడు. కథ రాసేవాడు ఒక్క క్రియతో ఆ పని చేసేస్తాడు, చాలాసార్లు చేసినట్టు తనకే తెలీకుండా.

ఇంతవరకు గోకి నియమమేదీ చెప్పలేదని గమనించే ఉంటారు. దానికి పెద్దగా నియమాలు లేవు. ఎవరి "ఇక్కడ"తోనూ పని లేనప్పుడు అది వచ్చి కూర్చుంటుంది.

మరి మన తిప్పలెక్కడ? కదలిక దగ్గర కాదు. తిరుగు ప్రయాణం దగ్గర మొదటి గుంత ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజర్ లండన్ వెళ్ళారు. ఆవిడ కోసం రాసిన ఒక విదేశీ క్లయింటుకి "షి హాజ్ బీన్ టు లండన్" అని జవాబిచ్చాను. ఆవిడ లండన్లో ఉన్నారు, తర్వాత మాట్లాడండి అని నా భావం. అరగంటలో తిరుగు జవాబు వచ్చింది: సంతోషం, ప్రయాణం ఎలా జరిగిందో ఆవిడనే అడుగుతాను, ఇవాళే ఫోన్ కలపండి. హాజ్ బీన్ అంటే వెళ్ళారని కాదు, వెళ్ళొచ్చేశారని. వెళ్ళి అక్కడే ఉంటే హాజ్ గాన్. నేను ఆవిణ్ణి ఒక్క మాటతో విమానమెక్కించి వెనక్కి తెచ్చేశాను.

వ్యాకరణం పుస్తకాల్లో దీన్ని ప్రెజెంట్ పర్ఫెక్ట్ అధ్యాయంలో, పది నియమాల మధ్య పదకొండో నియమంగా పెడతారు. తెలుగువాళ్ళకి అంత అక్కర్లేదు. వెళ్ళాడు – గాన్. వెళ్ళొచ్చాడు – బీన్. అంతే. "నువ్వెప్పుడైనా లండన్ వెళ్ళావా?" అని మాటవరసకి అన్నా, మన మనసులో ఉన్నది "వెళ్ళొచ్చావా" అనే. కాబట్టి "హావ్ యూ ఎవర్ బీన్ టు లండన్" అనాలి. గాన్ అంటే, ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని నువ్విప్పుడు లండన్లో ఉన్నావా అన్నంత విడ్డూరంగా ఉంటుంది.

వెళ్ళొచ్చు అనేది తెలుగు చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం. రెండు ఎదురెదురు క్రియల్ని కలిపి ముడేస్తే పూర్తి ప్రయాణం ఒక్క మాటయింది. ఇంగ్లిషుకి అలాంటి మాట లేదు. లేనందుకే కదలికే లేని "ఉండు" క్రియని, అంటే బీన్‌ని, అరువు తెచ్చుకుంది. వెళ్ళి, అక్కడ ఉండి, వచ్చినవాడిలో మధ్య ముక్క ఒక్కటే పట్టుకుందన్నమాట. ఆ బీన్ మన "వచ్చివెళ్ళాడు"కి కూడా సరిపోవడం ఇంకా తమాషా. బ్రిటన్‌లో "హాజ్ ద పోస్ట్‌మన్ బీన్?" అంటే పోస్ట్‌మన్ వచ్చివెళ్ళాడా అని. వెళ్ళొచ్చినవాడూ బీనే, వచ్చివెళ్ళినవాడూ బీనే.

వెళ్ళొచ్చుని మాటకి మాట దించబోతేనే "ఐ విల్ గో అండ్ కమ్" పుడుతుంది. ఇంగ్లిషువాడి చెవికి అది రెండు వేర్వేరు వార్తలు: ఒకటి, నేను వెళ్తాను. రెండు, నేను వస్తాను. రెండో దాన్ని ఎందుకు చెప్పాడో వాడికి అర్థం కాదు. "ఐ విల్ బి బ్యాక్" అంటే చాలు. మళ్ళీ అదే "ఉండు" క్రియ. "ఎక్కడికి వెళ్ళొచ్చావు?" కూడా "వేర్ హావ్ యూ బీన్?" అవుతుంది.

విచిత్రమేమిటంటే, చేతిలో వస్తువు ఉంటే ఇంగ్లిషుకీ రానూపోనూ ప్రయాణానికి మాటుంది. ఫెచ్ అంటే వెళ్ళి తీసుకురావడం. బ్రింగ్ అంటే తీసుకురావడం, టేక్ అంటే తీసుకెళ్ళడం. వీటిలో కమ్, గో దాక్కునే ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన "ఇక్కడ" లెక్కలన్నీ వీటికీ వర్తిస్తాయి, మళ్ళీ చెప్పను. అమెరికాలో మాత్రం టేక్ అనాల్సిన చోట బ్రింగ్ అనేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. సినిమాల్లో విని తికమక పడకండి.

రెండో గుంత ఇంతకంటే లోతు. అక్కడ ఎవరూ ఎక్కడికీ కదలరు.

పాలు విరిగిపోతాయి, ఇంగ్లిషులో మిల్క్ గోస్ బ్యాడ్. మనిషికి పిచ్చెక్కితే గోస్ మ్యాడ్, దివాలా తీస్తే గోస్ బ్యాంక్రప్ట్. కల నిజమైతే మాత్రం కమ్స్ ట్రూ, ప్రాణం లేచి వస్తే కమ్స్ అలైవ్. 1974లో ఈవ్ క్లార్క్ అనే భాషాశాస్త్రవేత్త దీని వెనకున్న తర్కాన్ని వివరించింది. మామూలు స్థితి మనం ఉండే చోటు, "ఇక్కడ". అక్కణ్ణుంచి తప్పితే గో, అక్కడికి తిరిగొస్తే కమ్. విమానం సరస్సు పక్కన "కేమ్ డౌన్" అంటే దిగిందనుకోవచ్చు, "వెంట్ డౌన్" అంటే కూలిందనే అనుకుంటాం. రెండూ కిందికే వచ్చాయి! జ్వరం ఎక్కితే టెంపరేచర్ గోస్ అప్, తగ్గితే కమ్స్ డౌన్ అనడానికే నోరు తిరుగుతుంది.

ఈ తర్కంతో అలారం గొడవ కూడా తీరిపోతుంది. అలారం గోస్ ఆఫ్ అంటే మోగిందని. దీపం గోస్ ఆఫ్ అంటే ఆరిందని. ఒకే మాటకి ఎదురెదురు అర్థాలేమిటని చిరాకుపడేవాళ్ళని చూశాను, నేనూ పడ్డాను. అలారానికి మామూలు స్థితి మౌనం, అది చెదిరితే గో. వెలుతురులో కూర్చున్న మనకి మామూలు స్థితి దీపం వెలగడం, అది చెదిరినా గో. ఈ సమాధానం నాకు నచ్చింది గానీ ప్రతిచోటా పారుతుందనుకోకండి. కుట్లు విడిపోతే కమ్ అన్‌డన్, ముక్కలుగా ఊడితే కమ్ అపార్ట్ అంటారు, వాటిలో మంచి ఏముంది? తెలుగులోనూ బొత్తాం "ఊడి వచ్చింది" అంటాం మరి. అది మన చేతిలోకి వచ్చింది కాబట్టేమో.

తెలుగులోనూ చెడు వైపు పోవు ఉంటుంది: చెడిపోయింది, ఎండిపోయింది, పగిలిపోయింది. ఇక్కడిదాకా రెండు భాషలూ చెట్టపట్టాలేసుకుని నడిచాయి. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఇంగ్లిషులో "హి వెంట్ బ్లైండ్": మనిషి గుడ్డితనంలోకి వెళ్ళాడు. తెలుగులో "అతనికి చూపు పోయింది": మనిషి ఉన్నచోటే ఉన్నాడు, చూపు అతన్ని వదిలి వెళ్ళింది. "హి కేమ్ టు": అతను తిరిగొచ్చాడు. "అతనికి స్పృహ వచ్చింది": స్పృహ తిరిగొచ్చింది. "హి కేమ్ టు హిజ్ సెన్సెస్": బుద్ధి ఉన్న చోటికి మనిషి నడిచాడు. "బుద్ధొచ్చింది": మనిషి ఉన్న చోటికి బుద్ధి నడిచింది. చివరికి వారసత్వంగా ఆస్తి దక్కినా ఇంగ్లిషువాడు "కేమ్ ఇంటు మనీ", అంటే తానే డబ్బులోకి అడుగుపెట్టాడు. మనకి డబ్బే కాళ్ళు చేసుకుని వస్తుంది.

ఇంగ్లిషులో మనిషి బాటసారి, స్థితులు ఊళ్ళు. తెలుగులో మనిషి సత్రం, స్థితులు బాటసారులు. కోపం వస్తుంది, జలుబు వస్తుంది, నవ్వొస్తుంది, నిద్రొస్తుంది, అనుమానం వస్తుంది, జ్ఞాపకం వస్తుంది, చెమటలొస్తాయి, మార్కులొస్తాయి. ఆఖరికి భాష కూడా వస్తుంది: నాకు తెలుగు వచ్చు, ఇంగ్లిషు రాదు. ఈ వాక్యాల్లో చాలావాటిని కమ్ పెట్టి మాటకి మాట దించలేం. ఇంగ్లిషులో మనిషికి కోపం రాదు, అతనే కోపిష్టి "అవుతాడు" లేదా "ఉంటాడు": హి గాట్ యాంగ్రీ, హి వాజ్ యాంగ్రీ. జలుబుని పట్టుకుంటాడు, నిద్రలో పడతాడు. మాటకి మాట పెట్టుకుంటూ పోయే ఏ తెలుగు విద్యార్థైనా బోల్తా పడేది ఇక్కడ. తప్పుపడితే "కమ్ అంటే రావడమే కదా" అంటాడు. కాళ్ళతో వచ్చేవాటికి అవును. మిగతావాటికి, తెలుగు వాక్యంలో "కు" తగిలించుకుని కూర్చున్న మనిషిని లేపి ఇంగ్లిషు వాక్యంలో కర్తగా నిలబెట్టాలి. నాకు నవ్వొచ్చింది అన్నది ఐ లాఫ్డ్ అయ్యాక ఆ రావడం ఎక్కడా మిగలదు.

కాలం దగ్గర మళ్ళీ ఇద్దరం కలుస్తాం. రాబోయే వారాన్ని "కమింగ్ వీక్" అంటారు. గడిచిన వారాన్ని మాత్రం మనలా "పోయిన వారం" అనరు, లాస్ట్ అంటారు. భవిష్యత్తు చెప్పడానికి ఇద్దరం ఒకే క్రియ పట్టుకున్నాం: "హి ఈజ్ గోయింగ్ టు డూ ఇట్" అంటే ఒకప్పుడు నిజంగానే ఆ పని చేయడానికి నడిచి వెళ్తున్నాడని. కాళ్ళు పోయి కాలం మిగిలింది. మన "చేయబోతున్నాడు"ని విప్పి చూడండి, చేయ, పోతున్నాడు. పోవులోని ప కాస్తా బ అయి గుర్తుపట్టలేనట్టు కలిసిపోయింది. అలాగే "పదేళ్ళుగా చెబుతూ వచ్చాడు" అనడానికి మనం వచ్చు వాడతాం, గతంనుంచి ఇప్పటిదాకా నడిచొచ్చిన పని కాబట్టి. ఇంగ్లిషులో "హి హాజ్ బీన్ సేయింగ్". చూశారా, ఇక్కడా ఆ బీనే.

ఇక గో భూతకాలం వెంట్ ఎందుకైందన్నది చిన్నపిల్లలు అడిగే ప్రశ్న, పెద్దలు దాటవేసేది. అసలు అది వేరే క్రియది. వెండ్ అనే పాత క్రియ ఉండేది, మళ్ళడం, దారి పట్టడం అని అర్థం. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ అయినట్టు వెండ్‌కి వెంట్. పాత ఇంగ్లిషులో గోకి వాడిన భూతకాల రూపం ఇంకేదో ఉండేది. అది వాడుకలోంచి జారిపోతుంటే, 15వ శతాబ్దం చివరికల్లా ఆ ఖాళీలో వెంట్ స్థిరపడింది. వెండ్ ఇప్పుడు "వెండ్ వన్స్ వే" లాంటి ఒకటి రెండు పలుకుబళ్ళలో దాక్కుని బతుకుతోంది. మనకీ "వచ్చాడు, వస్తాడు" ఒకవైపు, "రా, రాడు, రాలేదు" ఒకవైపు ఉండి కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్ళని ఏడిపిస్తాయి. అయితే మనవి రెండు క్రియలు కావు. తమిళంలో "వర"గా కనిపించే ఒకే ధాతువు తెలుగులో ధ్వనులు అటూ ఇటూ మారి ఇలా రెండు ముఖాలతో తేలింది.

కమ్ పుట్టుక ఇంకా వింత. సంస్కృతంలో గకారం ఉన్నచోట ఇంగ్లిషులో కకారం ఉండటం పాత చుట్టరికానికి గుర్తు. మన గోవు వాళ్ళ కౌ. ఆ లెక్కన కమ్‌కి సంస్కృతంలో చుట్టం ఎవరు? గమ్. గచ్ఛతి అంటే వెళ్తాడు. ఒకే ధాతువు పడమటికి పోయి "రా" అయింది, తూర్పున "వెళ్ళు" అయింది. దిశ ధాతువులో లేదు, పలికినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారన్న దాంట్లో ఉంది. సంస్కృతానికి రావడం చెప్పాలంటే ముందు "ఆ" తగిలించాల్సి వచ్చింది, ఆగమనం అయింది. బయటికి పోవడానికి "నిర్" తగిలిస్తే నిర్గమనం. వచ్చేవాళ్ళ గుమ్మం మీద ఒక మాట, పోయేవాళ్ళ గుమ్మం మీద ఒక మాట. రెండింటి మధ్యలోనూ ఇంగ్లిషువాడి కమ్ కూర్చుని ఉంది.